పెదనాయన ఎంజీఏ కారు ఇంజన్ కడపలో రీబిల్డ్ చేయించినా: 2,300 కిలోమీటర్లు తిప్పినాక రాస్తాండే రివ్యూ

షెడ్డుకి బోర్డు లేదు. మేస్త్రి తన పేరు రాయొద్దన్నాడు, "ఇప్పుడుండే పనికే పొద్దు చాలడం ల్యా నాయనా, ఇంకో నలుగురొస్తే యాడ పెట్టుకుందు" అన్నాడు, కాబట్టి పేరు లేకుండానే రాస్తాండా. కడపలో పాత అంబాసిడర్ టాక్సీ నడిపినోళ్ళని ఎవర్ని అడిగినా దారి చెప్తారు. ఎనిమిది నెలలు బండి ఆయన కాడ ఉండింది, ఇంటికొచ్చినాక ఇప్పటికి 2,300 కిలోమీటర్లు తిప్పినా, మన కడప ఎండాకాలం మొత్తం దాటింది, అందుకే ఇప్పుడు రాస్తాండా. వచ్చిన వారంలోనే రాసుంటే ఐదు స్టార్లు ఇచ్చుండేవాణ్ణి, రెండో నెల్లో అయితే మూడు, ఇప్పుడు నాలుగున్నర. ఆ అర ఎందుకు కోసినానో కింద ఉంటుంది.

బండి ఎంజీఏ 1500, 1957 మోడల్. రెండు సీట్లు, టాప్ లేని స్పోర్ట్స్ కారు, ఇంగ్లండులో ఆబింగ్డన్ ఫ్యాక్టరీలో 1955 నుంచి 1962 దాకా తయారైంది, మొత్తం 1,01,081 చేస్తే అందులో ఎక్కువ భాగం అమెరికాకే పోయినాయి. మా పెదనాయన మద్రాసులో ఉద్యోగం చేసేటప్పుడు 1971లో ఒక టీ ఎస్టేట్ మేనేజర్ కాడ సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. రిటైరయి ప్రొద్దుటూరుకి వచ్చేటప్పుడు దాన్ని నడుపుకుంటూనే వచ్చినాడు, పెద్దమ్మ పక్కన కూర్చొని ఆ దుమ్ముకి కొంగు ముఖానికి కట్టుకొని వచ్చిందంట. ఆ మాట ఆమె ఇప్పటికీ చెప్తుంది. పెదనాయన పోయినాక చానా ఏండ్లు బండి మా పాత ఇంటి కొట్టంలో టార్పాలిన్ కిందే ఉండిపోయింది. ఇది బయటికి తీయాలని నాకు చిన్నప్పటి నుంచి ఉండేది, ఎవరన్నా ఎందుకురా అని అడిగితే ఒకటే చెప్తా, ఆ బండి శబ్దం విని నేను వాకిట్లోకి పరుగెత్తేవాణ్ణి, ఆ శబ్దం మళ్ళీ వినాల.

మొదట చేసిన పని తప్పు పని. 2019లో వేరే ఊర్లో ఒక పెద్ద గ్యారేజీకి ఇచ్చినా, ఏసీ ఆఫీసు, గోడకి పాత కార్ల ఫోటోలు, చూస్తే నమ్మకం వచ్చేస్తుంది. వాళ్ళు ఇంజన్ విప్పి రీబోర్ చేసి (అంటే సిలిండర్లు తొలిచి కొంచెం పెద్దవి చేసి), పెయింట్ కొట్టి, మెరిసిపోయేలాగా ఇచ్చినారు. 900 కిలోమీటర్లు. అంతే నడిచింది. వెనక నీలం పొగ, గేర్ మార్చేటప్పుడు ఎక్సలేటర్ వదిలి మళ్ళ తొక్కితే ఇంకా ఎక్కువ పొగ, ఆయిల్ ప్రెషర్ ముల్లు వేడెక్కినాక ఐడిలింగ్‌లో పూర్తిగా కిందికి పడుకునేది. ఫోన్ చేస్తే "పాత బండి సార్, అట్లే ఉంటుంది" అన్నారు. ఆ మాటే నాకు అన్నిటికంటే బాధేసింది, ఎందుకంటే పాత బండి అట్ల ఉండదు, పెదనాయన 30 ఏండ్లు నడిపినప్పుడు అట్ల లేదు కదా.

ఈ మేస్త్రి కాడికి ఎందుకు పోయినానంటే దానికి ఒక కారణం ఉంది, ఇది తెలిస్తే మన సీమలో ఇంకెవరి కాడన్నా పాత బ్రిటిష్ బండి ఉంటే వాళ్ళకి కూడా పనికొస్తుంది. ఎంజీఏలో ఉండేది బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) కంపెనీ బి-సిరీస్ ఇంజన్, 1489 సీసీ. మన అంబాసిడర్‌లో ఏండ్ల తరబడి వచ్చిన పెట్రోల్ ఇంజన్ కూడా అదే 1489 సీసీ బి-సిరీస్. బోరు, అంటే సిలిండర్ వెడల్పు, 73 మిల్లీమీటర్లు, స్ట్రోకు, అంటే పిస్టన్ కదిలే దూరం, 88.9, రెండింటికీ అదే. తేడా ఏందంటే ఎంజీఏకి రెండు ఎస్‌యూ కార్బరేటర్లు, కంప్రెషన్ ఎక్కువ, హెడ్డు కొంచెం వేరే, అందుకే అంబాసిడర్ 50 హార్స్‌పవర్ చుట్టుపక్కల ఉంటే ఇది 70 దాకా పోతుంది. అంటే లండన్‌లో స్పోర్ట్స్ కారు రిపేరు చేసేవాడికి ఎంత తెలుసో కడపలో 40 ఏండ్లు అంబాసిడర్లు విప్పినాయనకి అంతకంటే ఎక్కువే తెలుసు, కాకపోతే మనం అట్ల ఆలోచించం, స్పోర్ట్స్ కారు అనగానే బెంగళూరు వైపో మద్రాసు వైపో చూస్తాం.

మేస్త్రి బండి చూసి మొదట బానెట్ కూడా ఎత్తలా. స్టార్ట్ చేయమన్నాడు. ఈ బండికి తాళం తిప్పితే స్టార్ట్ కాదు, తాళం తిప్పితే వెనక పెట్రోల్ పంపు టిక్ టిక్ మంటుంది, అది నెమ్మదించినాక డాష్‌బోర్డు మీద ఒక గుబ్బ లాగాల. స్టార్ట్ అయినాక పొగ గొట్టం కాడ కూర్చొని చెయ్యి పెట్టి, వాసన చూసి, ఐదు నిమిషాలు గమ్మున విన్నాడు. తర్వాత కంప్రెషన్ గేజ్ తెచ్చి నాలుగు సిలిండర్లు చూసినాడు: 105, 110, 70, 95. మూడో దాంట్లో ఒక చెంచా ఆయిల్ పోసి మళ్ళ చూస్తే 70 కాస్తా 120 అయింది. "వాల్వు కాదు, రింగు" అన్నాడు. ఆయిల్ పోస్తే కంప్రెషన్ పెరిగిందంటే పిస్టన్ పక్క నుంచి లీకు, పెరగకపోతే వాల్వు కాడ లీకు. ఇంత చిన్న టెస్టు ఆ ఏసీ గ్యారేజీలో ఎవరూ చేయలా.

విప్పినప్పుడు నన్ను పక్కన ఉండమన్నాడు, నేను శని ఆదివారాలు పోయేవాణ్ణి. సంపు (ఇంజన్ కింద ఆయిల్ ఉండే తొట్టి) దించగానే కనపడింది అసలు సంగతి. పాత గ్యారేజీ వాళ్ళు ప్యాకింగ్‌కి బదులు సిలికాన్ పూసినారు, తక్కువ కాదు, ట్యూబు మొత్తం. లోపలికి పొంగిన సిలికాన్ ముక్కలు తెగి ఆయిల్ పంపు జల్లెడకి అతుక్కున్నాయి, జల్లెడ సగం మూసుకుపోయింది. అందుకే ప్రెషర్ లేదు, అందుకే బేరింగులు గీసుకుపోయినాయి, అందుకే క్రాంకు (పిస్టన్లు తిప్పే పెద్ద ఇరుసు) మీద గోరు పెట్టి లాగితే గోరు తట్టుకుంటాంది. ఇంకొకటి, బోరు కొలిచినాడు. ఒక్కో సిలిండర్‌లో పైన, మధ్యలో, కింద, అడ్డంగా నిలువుగా మొత్తం ఆరు కొలతలు, బోర్ గేజ్‌తో, అన్నీ ఒక నోటు బుక్కులో రాసుకుంటా. స్టాండర్డ్ మీద 40 థౌ (అంగుళంలో వెయ్యో వంతు ఒక థౌ) పెద్దది చేసేసినారు వాళ్ళు, ఈ ఇంజన్‌కి పిస్టన్లు మామూలుగా దొరికే చివరి సైజు అది, ఇంక పైకి పోవడానికి లేదు. అంత చేసి కూడా పిస్టన్‌కి బోరుకి మధ్య సందు ఉండాల్సిన దానికి రెండింతలు. కొలిచి బోర్ చేయలా, బోర్ చేసి పిస్టన్ దోపినారు.

ఇక్కడ మేస్త్రి రెండు దార్లు చెప్పినాడు. బ్లాకు పడేసి అంబాసిడర్ బ్లాకు తెచ్చుకోవడం ఒకటి, స్టార్టర్ అమర్చే చోటు లాంటివి మార్చుకోవాల కానీ కుదురుతుంది. లేదంటే ఇదే బ్లాకుకి స్లీవులు (సిలిండర్ లోపలికి కొత్త ఇనుప గొట్టాలు) దింపి మళ్ళ స్టాండర్డ్ బోరుకి తీసుకురావడం. ఖర్చులో పెద్ద తేడా లేదు. నేను ఆలోచించకుండా స్లీవులే అన్నా, ఎందుకంటే బ్లాకు మీద ఉండేదే ఈ బండి ఇంజన్ నంబర్, అది పెదనాయన ఆర్‌సీలో ఉండే నంబర్. ఆయన తల ఊపి "నేనూ అదే అనుకున్నా" అన్నాడు. స్లీవులు దింపడం, బోరు, హోనింగ్ ఆయనే దగ్గరుండి చేయించినాడు, హోనింగ్ అయినాక గీతలు అడ్డదిడ్డంగా ఎంత కోణంలో పడినాయో లైటు పెట్టి చూసినాడు, ఆ గీతల్లో ఆయిల్ నిలిస్తేనే కొత్త రింగులు ఒదుగుతాయి, మరీ నున్నగా ఉంటే రింగులు జన్మలో ఒదగవు. క్రాంకు 20 థౌ గ్రైండింగ్ చేయించి, ఆ సైజు బేరింగులు వేసినాడు. బేరింగు కొత్తది కదా అని ఊరికే బిగించలా, ఒక సన్నని ప్లాస్టిక్ దారం ముక్క పెట్టి, బిగించి, విప్పి, అది ఎంత వెడల్పు నలిగిందో స్కేలుతో చూసి సందు లెక్కేసినాడు, దాదాపు 2 థౌ వచ్చింది. ఎంత బలంతో బిగించాలంటే మెయిన్ బేరింగులు 70 పౌండ్ ఫుట్, కనెక్టింగ్ రాడ్లు 35, హెడ్డు నట్లు 50, ఈ మూడు నంబర్లు ఆయన గోడ మీద సుద్దతో రాసి ఉంటాయి, ఎప్పటి నుంచో ఉన్నాయంట.

ఇప్పుడు నేను అడిగిన ఒక కోరిక గురించి. ఇంజన్ ఎట్లాగూ విప్పినాం కదా, రేసు క్యామ్ (క్యామ్ అంటే వాల్వులు తెరిచే కడ్డీ) వేసి, పెద్ద వాల్వులు పెట్టి, కంప్రెషన్ పెంచి, ఫ్లైవీల్ బరువు తగ్గించి 90 హార్స్‌పవర్ చేద్దాం అన్నా. యూట్యూబ్‌లో అట్లాంటివి శానా చూసినా. మేస్త్రి కాదని గట్టిగా అనలా, స్టూలు లాక్కొని కూర్చొని ఒక్కొక్కటే అడిగినాడు. "నువ్వు ఈ బండి యాడ తిప్పుతావు?" కడపలో, అప్పుడప్పుడు ప్రొద్దుటూరు, వీలైతే ఘాట్ మీద. "ఏడు రోడ్ల కాడ సాయంత్రం ఆరు గంటలకి ఎంత స్పీడులో పోతావు?" నడిచేవాడి స్పీడులో. "రేసు క్యామ్ 3,000 ఆర్‌పీఎం కింద ఊపిరి ఆడనట్ల ఉంటుంది, ఐడిలింగ్ నిలబడదు, ఏడు రోడ్ల కాడ పది సార్లు ఆగిపోతుంది, వెనక ఆటో వాళ్ళు హారన్ కొడతారు, అప్పుడు నీకు ఈ బండి మీద విసుగు పుడుతుంది." ఇంకో మాట చెప్పినాడు, నాకు అదే బాగా నాటుకుంది: ఈ ఇంజన్ క్రాంకుకి మెయిన్ బేరింగులు మూడే. తర్వాత వచ్చిన ఎంజీబీ 1798 సీసీ ఇంజన్‌కి కూడా మొదట మూడే ఉండేవి, 1964లో ఐదు చేసినారు. మూడు బేరింగుల మీద తిరిగే పొడుగు క్రాంకుని రోజూ 6,500కి తిప్పితే మధ్యలో అది ఊగుతుంది, బేరింగులు తినేస్తుంది. "కంపెనీ వాడు తెలిసే ఐదు పెట్టినాడు నాయనా."

కాబట్టి ఆయన చేసింది పవర్ పెంచడం కాదు, పోయే పవర్ని పోకుండా ఆపడం. నాలుగు పిస్టన్లు, నాలుగు రాడ్లు త్రాసులో పెట్టి గ్రాము తేడా లేకుండా సమానం చేసినాడు. క్రాంకు, ఫ్లైవీల్, క్లచ్ కవర్ కలిపి బ్యాలెన్సింగ్‌కి బెంగళూరు పంపినాడు. హెడ్డులో పోర్టులు పెద్దవి చేయలా, మానిఫోల్డు రంధ్రం, హెడ్డు రంధ్రం, మధ్యలో ప్యాకింగ్ రంధ్రం మూడూ ఒక గీతలోకి వచ్చేలాగా అంచులు మాత్రం నున్నగా చేసినాడు. ఈ హెడ్డులో ఇన్‌లెట్ పోర్టులు రెండే ఉంటాయి, ఒక్కోటి రెండు సిలిండర్లకి గాలి పంచుతుంది, అట్లాంటి చోట ఇష్టమొచ్చినట్ల గీకితే ఒక సిలిండర్‌కి ఎక్కువ ఒకదానికి తక్కువ పోతుంది అన్నాడు. కంబషన్ చాంబర్లు గుండె ఆకారంలో ఉంటాయి, వెస్‌లేక్ అనే ఇంగ్లీషు ఇంజనీరు డిజైన్. హెడ్డు తిరగేసి, మీద అద్దం పలక పెట్టి, సిరంజితో కిరోసిన్ పోసి ఒక్కో చాంబర్ ఎన్ని సీసీలు పడుతుందో కొలిచినాడు. ఒకదానికి ఒకదానికి రెండున్నర సీసీ తేడా వచ్చింది. తక్కువ ఉన్నవి గీకి నాలుగూ సమానం చేసి, కంప్రెషన్ 8.3 కాడ ఉంచినాడు, అంటే కంపెనీ ఇచ్చిందే. ఈ కిరోసిన్ కొలత చూస్తాంటే నాకు మా జేజి శేరుతో బియ్యం కొలిచి, చేత్తో గీటు గీసి పోసేది గుర్తొచ్చింది, అంత జాగ్రత్త.

వాల్వు సీట్ల గురించి పాత బండి ఉండే ప్రతి ఒక్కరూ తెలుసుకోవాల. ఈ ఇంజన్లు తయారైన కాలంలో పెట్రోల్లో సీసం కలిపేవాళ్ళు, ఆ సీసం వాల్వుకి సీటుకి మధ్య ఒక మెత్తలాగా పని చేసేది. మన దేశంలో 2000 ఫిబ్రవరి 1 నుంచి సీసం పెట్రోల్ పూర్తిగా ఆగిపోయింది. అప్పటి నుంచి పాత హెడ్డుల్లో ఎగ్జాస్ట్ వాల్వు కొట్టుకొని కొట్టుకొని ఇనుప సీటులోకి దిగబడిపోతుంది, ట్యాపెట్ సందు తగ్గిపోతా వస్తుంది, చివరికి వాల్వు పూర్తిగా మూసుకోదు, కాలిపోతుంది. నా హెడ్డులో మూడో ఎగ్జాస్ట్ అప్పటికే ఒక మిల్లీమీటరు దిగింది. నాలుగు ఎగ్జాస్ట్‌లకీ గట్టి సీట్లు కొత్తగా దింపి, గైడ్లు మార్చి, సీట్లు మూడు కోణాల్లో కోసినాడు. సీసం బదులు పెట్రోల్లో పోసే సీసాలు అమ్ముతారు, అవి కొనొద్దు అని నేననను, కానీ సీటు ఒకసారి వేయిస్తే ఆ ఖర్చు ఉండదు.

ఇథనాల్ సంగతి ఇంకా ముఖ్యం. ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఈ20, ఐదో వంతు ఇథనాల్. దానికి రెండు కష్టాలు. ఒకటి, పాత రబ్బర్ పైపులు, కార్బరేటర్ లోపలి సీళ్ళు ఉబ్బి మెత్తబడిపోతాయి, నీళ్ళు పీల్చుకుంటుంది కాబట్టి ట్యాంకు తుప్పు పడుతుంది. పైపులన్నీ ఇథనాల్ తట్టుకునేవి వేసినాడు, ట్యాంకు దించి కడిగి లోపల కోటింగ్ వేసినాడు. రెండోది, ఇథనాల్లోనే ఆక్సిజన్ ఉంటుంది. మామూలు పెట్రోల్ ఒక గ్రాముకి 14.7 గ్రాముల గాలి కావాలంటే దీనికి సుమారు 13.5 చాలు, అంటే పాత సెట్టింగులోనే ఉంచితే మిక్చర్ పలచబడిపోతుంది, ఇంజన్ వేడెక్కుతుంది, పికప్ ఇచ్చేటప్పుడు దగ్గుతుంది. ఎస్‌యూ కార్బరేటర్‌లో దీన్ని సరిచేయడం ఎంత బాగుంటుందో. కింద ఒక నట్టు, దాన్ని ఒక్కో ముఖం తిప్పుతా జెట్ (పెట్రోల్ వచ్చే సన్నని గొట్టం) దించడమే. పక్కన చిన్న పిన్ ఉంటుంది, దాంతో లోపలి పిస్టన్‌ని ఒక మిల్లీమీటరు కంటే కొంచెం తక్కువే పైకెత్తాల. ఇంజన్ స్పీడు పెరిగి అట్లే ఉంటే మిక్చర్ చిక్కన, ఆగిపోబోతే పలచన, కొంచెం పెరిగి మళ్ళ సర్దుకుంటే సరిగ్గా ఉన్నట్ల. రెండు కార్బరేటర్లూ ఒకే రకంగా గాలి పీలుస్తాండాయా అని రబ్బర్ పైపు ముక్క ఒక కొస చెవిలో ఇంకో కొస కార్బరేటర్ నోటి కాడ పెట్టి విన్నాడు. మెషిన్లున్న చోట కూడా ఇంత బాగా కుదరదని చెప్పను, కానీ ఇక్కడ కుదిరింది. ఐడిలింగ్ 800కి నిలబడితే మడ్‌గార్డు మీద పెట్టిన టీ గ్లాసులో టీ కదల్లేదు.

ఇగ్నిషన్‌కి ఎలక్ట్రానిక్ కిట్ వేద్దామా అన్నా. పాయింట్లే (ప్లగ్గు నిప్పు కోసం కరెంటు కలిపి తెంచే ముక్కలు) ఉండనీ అన్నాడు, కారణం, దోవలో పాయింట్లు చెడిపోతే ఎవరైనా మేస్త్రి గీకి ఇస్తాడు, కిట్ చెడిపోతే టో చేయాల్సిందే. సందు 15 థౌ. డెల్కో (ప్లగ్గులకి కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్) లోపల స్ప్రింగులు సాగిపోయి ఉన్నాయి, అందువల్ల టైమింగ్, అంటే ప్లగ్గు నిప్పు కొట్టే సమయం, కావాల్సిన దానికంటే ముందే అడ్వాన్స్ అయ్యి ఘాట్ ఎక్కేటప్పుడు నాకింగ్ వస్తుంది. స్ప్రింగులు మార్చి, టైమింగ్ లైటుతో 3,500 కాడ మొత్తం 32 డిగ్రీలు వచ్చేలాగా పెట్టినాడు. ఈ విషయంలో నాకు ఇంకా మనసులో ఒకటుంది, కిట్ అయితే పదే పదే సర్దే పని ఉండేది కాదు, మీరు వేయించుకోవాలంటే వేయించుకోండి, పాత పాయింట్ ప్లేటు మాత్రం డిక్కీలో పెట్టుకోండి.

మొదటిసారి స్టార్ట్ చేసిన రోజు గురించి రాయకుండా ఉండలేను. పెద్దమ్మని ప్రొద్దుటూరు నుంచి పిల్చుకొచ్చినా. ప్లగ్గులు తీసి, స్టార్టర్‌తో ఊరికే తిప్పి ముందు ఆయిల్ ప్రెషర్ తెప్పించినాడు, ముల్లు లేచినాకనే ప్లగ్గులు పెట్టినాడు. స్టార్ట్ అయిన వెంటనే ఐడిలింగ్‌లో వదల్లా, 2,000 పైన పట్టుకొని 20 నిమిషాలు అట్లే నడిపినాడు. కొత్తగా గ్రైండ్ చేసిన క్యామ్‌కి, ట్యాపెట్లకి మొదటి 20 నిమిషాలే ప్రాణం, అప్పుడు నెమ్మదిగా తిరిగితే ఆయిల్ చిమ్మదు, అరిగిపోతాయి. ఆయిల్ కూడా జింకు ఎక్కువుండే 20డబ్ల్యూ-50, ఇప్పటి కార్ల పలచని ఆయిల్ ఈ ట్యాపెట్లకి పనికిరాదు. ఆ 20 నిమిషాలు షెడ్డులో ఎవరూ మాట్లాడలా. తర్వాత ఐడిలింగ్‌కి దించినాడు. పెద్దమ్మ కుర్చీలోంచి లేచి బానెట్ మీద చెయ్యి పెట్టి, "ఇదే, ఇట్లే ఉండేది" అనింది. నాకు ఇంకేం సర్టిఫికెట్ కావాల?

ఇంక రెండో నెల సంగతి. మే నెలలో మధ్యాహ్నం, కోటిరెడ్డి సర్కిల్ కాడ ట్రాఫిక్‌లో టెంపరేచర్ ముల్లు ఎక్కడం మొదలుపెట్టింది. ఈ బండి మీటరు ఫారన్‌హీట్‌లో ఉంటుంది, 190 ఉండాల్సింది 220 దాటింది. పక్కకి ఆపినా, చల్లారినాక స్టార్ట్ చేస్తే స్టార్ట్ కాలా. రెండు సమస్యలు ఒకేసారి. మొదటిది రేడియేటర్. బ్లాకు లోపల నీళ్ళ దారుల్లోంచి మేస్త్రి గంపెడు తుప్పు మట్టి తీసినాడు, కానీ రేడియేటర్ మాత్రం నీళ్ళు పెట్టి చూసి బాగుందని వదిలేసినాడు. బాగలేదు, మూడో వంతు గొట్టాలు మూసుకున్నాయి. రెండోది ఈ ఇంజన్‌కి పుట్టుకతో ఉండే ఇబ్బంది, కార్బరేటర్లు, ఎగ్జాస్ట్ రెండూ ఒకే పక్కన, ఒకదాని మీద ఒకటి, ఇంజన్ ఆపినాక కింది వేడి పైకొచ్చి పెట్రోల్ ఆవిరైపోతుంది. ఇంగ్లండు చలికి అది సరిపోయిందేమో, కడప 43 డిగ్రీలకి సరిపోదు. ఈ తప్పు తనదే అని మేస్త్రి ఒప్పుకున్నాడు, ఒక్క మాట సాకు చెప్పలా, రేడియేటర్ కొత్త రాగి కోరుతో చేయించినాడు, కోరు డబ్బులు మాత్రం నేనిచ్చినా, కూలి తీసుకోలా. కార్బరేటర్ల కింద వేడి అడ్డే రేకుకి ఇన్సులేషన్ అంటించి, పెట్రోల్ పైపు దారి మార్చినాడు. అప్పటి నుంచి ట్రాఫిక్‌లో 195 దాటలా. అయినా ఎంజీఏ మనకాడ తిప్పాలనుకునేవాళ్ళు రేడియేటర్ మొదటి రోజే విప్పించండి, ఇంజన్ చేయించి రేడియేటర్ పాతది పెడితే ఆ ఇంజన్ మీద పెట్టిన డబ్బంతా ప్రమాదంలో పెట్టినట్లే. అర స్టార్ కోసింది దీనికే.

గువ్వలచెరువు ఘాట్ పరీక్ష నేను అనుకున్నది. రాయచోటి రోడ్డు తెలిసినోళ్ళకి చెప్పాల్సిన పని లేదు, లారీలు మొదటి గేర్లో మూలుగుతా ఎక్కుతాంటాయి, వాటి వెనక ఆగి ఆగి పోవాల, వంపు తిరిగినాక ఒక్కసారి సందు దొరుకుతుంది. జూన్‌లో ఒక ఆదివారం తెల్లారి ఐదున్నరకి మేస్త్రిని పక్కన కూర్చోబెట్టుకొని పోయినా. రెండో గేర్లో 2,000 నుంచి తొక్కితే ఎక్కడా దగ్గు లేదు, నాకింగ్ లేదు, నిండుగా లాగింది. 3,000 నుంచి 4,500 దాకా ఆ ఎగ్జాస్ట్ శబ్దం కొండకి తగిలి వెనక్కి వస్తాంటే... ఇది పెదనాయన శబ్దమే. రేసు క్యామ్ వేసుంటే ఈ 2,000 కాడ లాగడం ఉండేది కాదు, అది ఆ రోజు అర్థమైంది. ఆయిల్ ప్రెషర్ పైకి ఎక్కేటప్పుడు 50, ఘాట్ మీద ఆపి ఐడిలింగ్‌లో చూస్తే 22. పైన పాలకోవా కొనుక్కొని, టీ తాగి, దిగేటప్పుడు మేస్త్రి నడిపినాడు. ఈ బండికి నాలుగు చక్రాలకీ డ్రమ్ బ్రేకులే, దిగేటప్పుడు గేరు మీద దిగాల, బ్రేకు మీద కాదు అని చూపించినాడు.

మైలేజీ రోడ్డు మీద లీటరుకి 11 నుంచి 12 ఇస్తాంది. కంప్రెషన్ ఇప్పుడు 155, 155, 150, 155. పొగ లేదు. 2,300 కిలోమీటర్లలో ఆయిల్ అర లీటరు లోపే తాగింది, అది కూడా మొదటి 500 లోనే ఎక్కువ. 500 కాడ ఆయిల్ మార్చి, హెడ్డు నట్లు మళ్ళ బిగించి, ట్యాపెట్లు సరిచేసినాడు, అది బిల్లులోనే కలిసింది. వెనక మెయిన్ కాడ రాత్రికి రెండు మూడు చుక్కల ఆయిల్ కారుతుంది, అక్కడ రబ్బర్ సీల్ ఉండదు, ఆయిల్‌ని వెనక్కి తిప్పే మర మాత్రమే ఉంటుంది, కొత్తగా వచ్చినప్పుడు కూడా ఇవి కారేవి, దానికి ఆయన్ని అనను. కింద అట్టముక్క పెడతాండా.

నచ్చనివి. నాలుగు నెలలు అన్నాడు, ఎనిమిది పట్టింది. అందులో రెండు నెలలు ఇంగ్లండు నుంచి పిస్టన్లు, సీట్లు రావడానికి, కస్టమ్స్‌కి పోయింది, మిగతాది ఆయన చేతిలో పని ఎక్కువయ్యి. ఫోన్ ఎత్తడు, షెడ్డుకి పోవాల్సిందే, దూరం నుంచి వచ్చేవాళ్ళకి ఇది పెద్ద కష్టం. ముందు ఎస్టిమేట్ రాసివ్వలా, నేను రెండోసారి గట్టిగా అడిగినాక నోటు బుక్కులో చింపి రాసిచ్చినాడు, మీరు మొదటిరోజే అడగండి, ఇస్తాడు, కోపపడడు. మొత్తం 3 లక్షల 10 వేలైంది. లక్షా 40 వేలు బయటి నుంచి తెప్పించిన సామాన్లు, లేత్ పనులు, స్లీవులు, బ్యాలెన్సింగ్ కలిపి 70 చిల్లర, రేడియేటర్, ట్యాంకు, పైపులకి 20 దాటింది, ఆయన కూలి 75 వేలు. బేరింగులు, ప్యాకింగులు, నీళ్ళ పంపు లాంటివి కొలతలు చూసి అంబాసిడర్‌వే పెట్టినాడు కాబట్టి ఇంతలో అయింది. ఎనిమిది నెలల పనికి 75 వేలు తక్కువ అని నా అభిప్రాయం, ఇంకో 15 ఇచ్చినా, తీసుకోవడానికి రెండు రోజులు పట్టింది ఆయనకి.

పాత గ్యారేజీ వాళ్ళు ఒక్క ఫోటో ఇవ్వలా. ఈయన కొలతలన్నీ రాసిన నోటు బుక్కులో నా పేజీలు జిరాక్స్ తీసిచ్చినాడు, క్రాంకు మీద బేరింగు కూర్చునే ఏ జర్నల్ ఎంత, ఏ బోరు ఎంత, ఏ చాంబర్ ఎన్ని సీసీలు, అంతా. రేపు నేను లేకపోయినా బండి ఎవరి చేతికి పోయినా వాళ్ళకి పనికొస్తుంది. మీరు ఏ షెడ్డుకి ఇచ్చినా ఇది అడిగి తీసుకోండి.

షెడ్డు పొద్దున పది నుంచి రాత్రి ఎనిమిది దాకా, శుక్రవారం మధ్యాహ్నం నమాజుకి మూస్తాడు. సాయంత్రం నాలుగు తర్వాత పోతే తీరిగ్గా మాట్లాడతాడు. ఒకసారికి ఒక పెద్ద ఇంజన్ పనే ఒప్పుకుంటాడు, ఇప్పుడు రాయచోటి వాళ్ళ ఫియట్ ఒకటి విప్పి ఉంది. నా బండి గేర్ బాక్సులో రెండో గేరు పడేటప్పుడు గరగర మంటాంది, అది చూడమంటే సంక్రాంతి దాటినాక తీసుకురమ్మన్నాడు.